ఇంజను గదికి రంగు: లక్క నుండి సిలికోను వరకు

అడ్డతీగల తూర్పు కనుమల అడవుల నడుమ ఉన్న ఊరు. ఏలేశ్వరం వైపు నుండి గాని, రంపచోడవరం వైపు నుండి గాని అక్కడికి వెళ్లే వాహనం కొండదారి పట్టవలసినదే. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను ఎక్కువ పని చేస్తుంది. పనితో పాటు వేడి కూడ పెరుగుతుంది. వానకాలంలో ముందు చక్రాలు చిమ్మిన ఎర్రనీరు ఆ వేడి ఇనుము మీదనే పడుతుంది. ఒకవైపు వేడి, మరొకవైపు తడి, వాటికి తోడు నూనె, పెట్రోలు, బ్యాటరీ ఆమ్లం. వాహనం మొత్తం మీద రంగుపూతకు ఇంతకంటె కఠినమైన చోటు మరొకటి లేదు.

అయినా ఆ చోటును కూడ అందంగా ఉంచుకోవలెననే కోరిక చాలమందికి కలదు. పాత కార్లను బాగుచేసి నిలుపుకొనేవారు, కొత్త కార్లను ముస్తాబు చేసుకొనేవారు బానెట్టు క్రింది భాగాలకు కారు పైరంగుకు సరిపడే రంగు వేయిస్తారు. వాల్వు కవరు, గాలి వడపోత డబ్బా, బ్యాటరీ పళ్లెం, పట్టీలు, ఒక్కొక్కప్పుడు ఇంజను దిమ్మె, పొగ వెళ్లే మానిఫోల్డు కూడ ఆ రంగునే ధరిస్తాయి. కొన్నాళ్లు గడిచిన తరువాత చూస్తే కొన్ని భాగాల మీద రంగు నిలిచి ఉంటుంది. కొన్నిటి మీద మాడి, పొరలు పొరలుగా రాలిపోయి ఉంటుంది. రంగు ఒకే డబ్బాలోనిది. వేసిన చెయ్యి ఒకటే. అటువంటప్పుడు ఒకచోట నిలిచినది మరొకచోట ఎందుకు నిలువలేదు? ఈ ప్రశ్నకు జవాబు రసాయనశాస్త్ర చరిత్రలో ఉన్నది. ఆ చరిత్ర మొదటి పాఠాలు అడ్డతీగల వంటి కొండసీమలలోనే నేర్చుకోవచ్చును.

రంగులోని రెండు పాళ్లు

పూతరంగు ఒకే పదార్థం కాదు. అందులో ముఖ్యమైనవి రెండు. కంటికి రంగును చూపే మెత్తని పొడి ఒకటి. దీనిని వర్ణకం అంటారు. ఆ పొడి రేణువులను ఒకదానితో ఒకటి కలిపి, లోహానికి అంటించి ఉంచే జిగురు రెండవది. దీనిని బంధకం అంటారు. బంధకాన్ని పలుచన చేసి, పూసిన పిమ్మట ఆవిరైపోయే ద్రవానికి ద్రావణి అని పేరు. మెకానిక్ షెడ్లలో తిన్నరు అనేది ఇదే.

ద్రావణి పని పూత ఆరేవరకే. ఆ తరువాత ఎండకు, వానకు, వేడికి ఓర్చుకోవలసినవి వర్ణకమూ బంధకమూ. వర్ణకం ఓడిపోతే రంగు మారుతుంది. బంధకం ఓడిపోతే పూత రాలుతుంది. రెండింటిలో ఏది ముందు ఓడిపోతే ఆ పూత ఆయుర్దాయం అంతే.

కొండలు ఇచ్చిన వర్ణకాలు

తూర్పు కనుమలలో విస్తారంగా కనిపించే శిలకు ఖొండలైటు అని పేరు. 1902లో టి. ఎల్. వాకర్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ కొండలలో నివసించే ఖోండు జాతివారి పేరు మీద దానికి ఆ పేరు పెట్టినాడు. ఈ శిల వానకు, ఎండకు శిథిలమైనప్పుడు అందులోని ఇనుము ఆక్సిజనుతోను, నీటితోను కలిసి ఎర్రని, పచ్చని మట్టిగా మారుతుంది. గిరిజనుల ఇండ్ల గోడలకు కనిపించే ఎర్రమట్టి పూతలో ఉన్న రంగు ఇదే. మోటారు షెడ్డులో ఇనుపరేకుకు మొదటి పూతగా వేసే రెడ్ ఆక్సైడు రంగులోని వర్ణకం కూడ రసాయనికంగా ఇదే పదార్థం.

ఎర్రమట్టిలో ఉన్నది ఐరన్ ఆక్సైడు. పసుపురంగు మట్టిలో ఉన్నది నీటి అంశతో కూడిన ఐరన్ ఆక్సైడు. పచ్చమట్టిని కొంచెం ఇనుప గరిటెలో పోసి పొయ్యిమీద బాగా కాలిస్తే నీటి అంశ విడిపోయి, పసుపు పోయి ఎరుపు వస్తుంది. చల్లారిన తరువాత కూడ ఆ ఎరుపు అట్లే ఉంటుంది. కుమ్మరి ఆవములో మట్టికుండ ఎరుపెక్కడంలో కూడ ఈ మార్పుకు పాలు కలదు. ఈ మార్పు సుమారు 180 సెంటీగ్రేడు డిగ్రీలు దాటిన తరువాత నెమ్మదిగా మొదలై, 300 డిగ్రీల సమీపంలో వేగం పుంజుకొంటుంది.

ఇంజను గదికి దీనిని అన్వయించి చూడవచ్చును. పసుపురంగు కారు ఒకటి ఉన్నదనుకొందాం. దాని మానిఫోల్డుకు పచ్చమట్టి వర్ణకం గల రంగు వేస్తే, బంధకం ఎంత గట్టిదైనా రంగు నిలువదు. మొదటి కొండ ఎక్కేసరికే పసుపు ఎరుపుగా మారుతుంది. అదే ఎర్రరంగు కారైతే ఐరన్ ఆక్సైడు ఎరుపుకు ఈ భయం లేదు. అది వందల డిగ్రీల వేడికి చెక్కు చెదరదు. పైరంగుకు సరిపడే రంగు కావలెనని కోరేవాడు, ఆ రంగు ఏ వర్ణకం వలన వచ్చినదో ముందుగా తెలిసికోవలెను.

ఈ కొండలలో మరొక వర్ణకం ఉన్నది. ఖొండలైటు శిలలతో కలిసి గ్రాఫైటు దొరుకుతుంది. పూర్వపు తూర్పు గోదావరి జిల్లా ఏజెన్సీ ప్రాంతంలో కూడ గ్రాఫైటు గల తావులున్నవి. పెన్సిలులో ఉండే ఈ నల్లని పదార్థం కర్బనమే. ఇనుప పొయ్యిలకు నలుపు పట్టించడానికి పాశ్చాత్య దేశాలలో గ్రాఫైటు ముద్దను చిరకాలం వాడినారు. పొయ్యి ఎర్రబడేవరకు కాగినా ఆ నలుపు తొందరగా చెడదు.

వేడికి ఓర్చే ఇతర వర్ణకాలు మనిషి చేసినవి. 1802లో ఫ్రాన్సు దేశపు రసాయనవేత్త తెనార్ కోబాల్టు సమ్మేళనాన్ని అల్యూమినాతో కలిపి తీవ్రంగా కాల్చి చక్కని నీలిరంగు పొడిని తయారుచేసినాడు. క్రోమియం ఆక్సైడు నుండి ఆకుపచ్చ వచ్చినది. క్రోమియం ధాతువైన క్రోమైటు తెలుగుదేశంలో కొండపల్లి కొండలలో ఉన్నది. వీటన్నిటిలో ఒక పోలిక కలదు. నిప్పులో పుట్టిన రంగు నిప్పుకు ఓర్చుకొంటుంది. పూవుల నుండి, వేళ్ల నుండి, పురుగుల నుండి తీసిన రంగులు అట్లా కాదు. అవి కర్బన సమ్మేళనాలు కనుక వేడికి విచ్ఛిన్నమైపోతాయి.

లక్క చెప్పే పాఠం

వర్ణకాల సంగతి ఇట్లుండగా, బంధకాల కథ లక్కతో మొదలుపెట్టడం న్యాయం. మోదుగ, రేగు మొదలైన చెట్ల లేత కొమ్మల మీద లక్కపురుగులు గుంపులుగా చేరి, రసం పీల్చి, తమ చుట్టూ ఒక గుగ్గిలం వంటి పదార్థాన్ని స్రవిస్తాయి. అదే లక్క. సంస్కృతంలో దీనిని లాక్ష అంటారు. ఇంగ్లీషులో మెరుగుపూతకు వాడే లాకరు అనే మాటకు మూలం ఈ మాటయే. అనగా ఇరవయ్యవ శతాబ్దంలో మోటారు కార్ల మీద మెరిసిన లాకరు పూతకు పేరు మన అడవి పురుగు పెట్టినది. ఈ పదార్థాన్ని శాస్త్రీయంగా పరిశోధించడానికి 1924లో రాంచీ దగ్గర నామ్‌కుంలో లక్క పరిశోధన సంస్థ ఏర్పడినది.

తూర్పు కనుమల అంచున, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో లక్కతో రంగు వేసే విద్యను ఈనాటికీ చూడవచ్చును. అంకుడు కర్రను చిన్న తరిమెన మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి గట్టిగా ఆనిస్తారు. రాపిడి వలన వేడి పుడుతుంది. ఆ వేడికి లక్క కరిగి కర్రమీద పలుచని పొరగా పరచుకొంటుంది. మొగలి ఆకుతో రుద్దితే ఆ పొర అద్దంవలె మెరుస్తుంది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి కలదు. రాపిడి వేడికే కరిగే గుణం ఉన్నందువల్లనే లక్క బొమ్మల పనికి పనికివచ్చినది. లక్క సుమారు 75 డిగ్రీల దరిదాపులోనే మెత్తబడుతుంది. ఇంజనులో ప్రవహించే చల్లార్చు నీరే 90 డిగ్రీల సమీపంలో ఉంటుంది. కనుక బొమ్మకు మేలు చేసిన గుణమే ఇంజను మీద దోషం అవుతుంది.

ఇట్లని లక్క ఇంజను గదికి రాకుండ పోలేదు. తొలినాళ్ల విద్యుత్ యంత్రాలలో తీగచుట్టలకు షెల్లాకు అనే శుద్ధి చేసిన లక్క పూతను విద్యుద్బంధకంగా వాడినారు. రెండు లోహ భాగాల నడుమ గాస్కెట్టు కూర్చేటప్పుడు నూనె కారకుండ పూసే ముద్దకు మెకానిక్కులలో షెల్లాకు అనే పేరు నేటికీ నిలిచి ఉన్నది. పైకి కనిపించే రంగుగా ఉండలేని లక్క, కనిపించని అతుకులో చోటు సంపాదించినది.

నల్లరంగు కాలం

తొలి మోటారు కార్లకు రంగు వేసే పద్ధతి గుర్రపు బండ్ల నుండి వచ్చినది. అవిసె నూనెలో వర్ణకం నూరి కుంచెతో పూయడం, ఆరిన తరువాత రాపి మళ్లీ పూయడం, చివరకు వార్నీషు వేయడం, ఇదీ క్రమం. అవిసె నూనె గాలిలోని ఆక్సిజనును పీల్చుకొని గట్టిపడుతుంది. ఇది నిదానంగా జరిగే చర్య. అందుచేత ఒక్క బండికి రంగు వేయడానికి వారాలు పట్టేది.

1908లో హెన్రీ ఫోర్డు కంపెనీ మాడల్ టి కారును విడుదల చేసినది. మొదట అది పలురంగులలో వచ్చినది. 1913లో కదిలే పట్టాల మీద కార్లను కూర్చే పద్ధతి ప్రారంభమైన తరువాత కార్లు వేగంగా తయారుకాసాగినవి. రంగు మాత్రం ఆ వేగాన్ని అందుకోలేకపోయినది. 1914 నుండి 1925 వరకు మాడల్ టి కారు ఒక్క నల్లరంగులోనే వచ్చినది. ఆ నలుపు చవకైనది, మన్నికైనది. తారు జాతికి చెందిన ఖనిజాన్ని అవిసె నూనెతో కలిపి, పూసి, పొయ్యిగదిలో కాల్చి ఆరబెట్టే పూతకు జపాన్ నలుపు అని పేరు. జపానువారి మెరుగుపూతను అనుకరించుటచే ఆ పేరు వచ్చినది. మాడల్ టి కారులో కూడ అన్ని భాగాలకు ఒకే నలుపు వేయలేదు. కొన్ని భాగాలను రంగులో ముంచినారు, కొన్నిటి మీద ధారగా పోసినారు, కొన్నిటికి కుంచెతో పూసినారు. భాగానికి తగినట్లు నలుపు కూర్పు మారినది. చూపుకు ఒకే రంగు. లోపల పదార్థాలు వేరు. బానెట్టు క్రింది భాగాలకు పైరంగుతో సామ్యం తెచ్చే విద్యలోని రహస్యం కూడ ఇదే.

ఆ రోజులలో అడ్డతీగల పేరు వేరొక కారణం చేత దేశమంతటా వినబడినది. 1922 అక్టోబరు 15న అల్లూరి సీతారామరాజు దళం అడ్డతీగల పోలీసు స్టేషను మీద దాడి చేసినది. అడవి మీద విధించిన ఆంక్షలు, ఏజెన్సీలో రోడ్ల పనికి గిరిజనుల చేత సరియైన కూలి ఇవ్వకుండ చాకిరీ చేయించడం ఆ తిరుగుబాటుకు గల కారణాలలో ముఖ్యమైనవి. మన్యంలో మోటారు నడిచే దారికి వెనుక ఈ చరిత్ర కూడ ఉన్నదని విద్యార్థులు మరువరాదు.

పత్తి నుండి డ్యూకో

మన్యం రోడ్ల మీద ఈ పోరాటం జరుగుతున్న కాలంలోనే అమెరికాలో కారు రంగుల స్వరూపం మారుతున్నది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత తుపాకిమందుకు గిరాకీ తగ్గినది. తుపాకిమందు తయారీలో వాడే నైట్రోసెల్యులోజును పత్తిపై నత్రికామ్ల చర్య వలన తయారుచేస్తారు. దానిని ద్రావణిలో కరగించి పూతగా వాడవచ్చునని ముందే తెలుసు. కాని ఆ ద్రవం మరీ చిక్కగా ఉండేది. పలుచన చేస్తే ఆరిన తరువాత మిగిలే పొర చాలనంత పలుచన అయ్యేది. 1920లో డ్యూపాంట్ కంపెనీ రసాయనవేత్తలకు తక్కువ చిక్కదనంగల నైట్రోసెల్యులోజు అనుకోకుండ దొరికినది. జనరల్ మోటార్స్ కంపెనీతో కలిసి దానిని కార్లకు అనువుగా తీర్చినారు. దానికి డ్యూకో అని పేరు పెట్టినారు. 1924 మాడలు ఓక్లండ్ కార్లు ఈ పూతతో నీలిరంగులో బయటికి వచ్చినవి.

డ్యూకో ఆరడానికి రసాయన చర్య అక్కరలేదు. ద్రావణి ఆవిరైపోతే చాలును. కనుక వారాల పని గంటలలోనికి వచ్చినది. కుంచెకు బదులు స్ప్రే గన్ను ప్రచారంలోనికి వచ్చినది. కార్లకు రంగుల ఎంపిక తిరిగివచ్చినది. తెలుగుదేశంలో ఈ మాట ఎంత నాటుకొన్నదంటే, నిర్మల్ కళాకారులు కొయ్యబొమ్మలకు, చిత్రాలకు వాడే రంగులను కూడ డ్యూకో రంగులనే అంటారు. అడవి లక్క పేరు కారుకు పోయినది; కారు రంగు బొమ్మకు వచ్చినది.

డ్యూకో కారు ఒంటిమీద గెలిచినా ఇంజను మీద గెలువలేదు. నైట్రోసెల్యులోజు తుపాకిమందుకు దగ్గరి చుట్టం. వేడికి అది పసుపుబారుతుంది, పెళుసెక్కుతుంది, విచ్ఛిన్నమౌతుంది. సులభంగా మండుతుంది కూడ. తిన్నరు వంటి ద్రావణులు తగిలినచోట మళ్లీ కరుగుతుంది. పైరంగుకు వాడినదే ఇంజనుకు వాడరాదని మోటారు పరిశ్రమకు తెలిపిన మొదటి గొప్ప పాఠం డ్యూకో.

ఎనామెలు: ఒకసారి గట్టిపడితే కరగని పూత

1920ల చివర నుండి ఆల్కిడ్ అనే కృత్రిమ గుగ్గిలాలు వచ్చినవి. గ్లిసరిను వంటి ఆల్కహాలును ఒక ఆమ్లంతోను, నూనెలోని కొవ్వు ఆమ్లాలతోను కలిపి వీటిని చేస్తారు. ఆరేటప్పుడు అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకొని వలవలె అల్లుకొంటాయి. లక్క, డ్యూకో మళ్లీ కరుగుతాయి. ఈ వల అల్లుకొన్న తరువాత తిరిగి కరగదు. అందుచేత నూనె, పెట్రోలు, నూరు డిగ్రీలు దాటిన వేడి దీనిని తొందరగా చెరపలేవు. ఇంజను ఎనామెలు అనే పేరుతో అమ్మే రంగులలో పెక్కింటికి ఆధారం ఈ కుటుంబమే.

ఇంజను దిమ్మెకు రంగు వేయడం కంపెనీలకు వాడుకైనది. పోత ఇనుము తుప్పు పట్టకుండ కాపాడడం మొదటి ప్రయోజనం. ఇది తమ ఇంజను అని చూడగానే తెలియడం రెండవ ప్రయోజనం. 1955లో వచ్చిన షెవ్రలే ఎనిమిది సిలిండర్ల ఇంజనుకు నారింజ రంగు గుర్తుగా నిలిచినది. 1966 నుండి ఫోర్డు ఇంజనులు నీలిరంగులో వచ్చినవి. ఇవి కారు పైరంగుతో సంబంధం లేని రంగులు. ఇంజనును ఒక శాలలో, కారు దేహాన్ని మరొక శాలలో తయారుచేసి తరువాత కూర్చడమే అందుకు కారణం. ఇంజను గది గోడలు దేహంలో భాగం కనుక వాటికి పైరంగే పడుతుంది. మన దేశంలో 1950ల చివర నుండి 2014 వరకు తయారైన అంబాసిడర్ కారు బానెట్టు ఎత్తితే గది గోడల మీద పైరంగు కనిపించేది.

1960లలో విద్యుత్ సహాయంతో రంగు పట్టించే విధానం కార్ల పరిశ్రమలో ప్రవేశించినది. దేహాన్ని నీటిలో కలిపిన రంగు తొట్టిలో ముంచి విద్యుత్తు ప్రసరింపజేస్తే, రంగు రేణువులు మూలమూలలకు పోయి లోహానికి అంటుకొంటాయి. స్ప్రే గన్ను చేరని ఇరుకులకు కూడ తుప్పు నుండి రక్షణ దొరికినది. ఎర్రబురద చిమ్మే కొండదారుల వాహనాలకు దీనివలన కలిగిన మేలు చాల గొప్పది.

ఇసుక తమ్ముడు సిలికోను

ఇంతవరకు చెప్పిన బంధకాలన్నిటికీ వెన్నెముక కర్బనం. కర్బనపు గొలుసు తీవ్రమైన వేడిలో ఆక్సిజనుతో కలిసి మండిపోతుంది. ఎగ్జాస్టు మానిఫోల్డు ఇంజను బరువుగా పని చేసేటప్పుడు వందల డిగ్రీలకు పోతుంది. 1847లో డ్రేపర్ అనే శాస్త్రజ్ఞుడు ఘనపదార్థాలు సుమారు 525 డిగ్రీల వద్ద చీకటిలో ఎర్రగా కనిపించసాగుతాయని చూపినాడు. రాత్రివేళ ఘాటు ఎక్కిన బండి మానిఫోల్డు మసకగా ఎర్రబడి కనిపిస్తే దాని వేడి ఆ హద్దును దాటినదన్నమాట. అక్కడ ఏ కర్బన బంధకమూ నిలువదు.

ఈ చిక్కును విడదీసినది ఇసుక. ఇసుకలో సిలికాను, ఆక్సిజను ఒకదాని ప్రక్క ఒకటి గట్టిగా బంధింపబడి ఉంటాయి. ఇంగ్లండులో ఫ్రెడరిక్ కిప్పింగ్ ఇరవయ్యవ శతాబ్దారంభం నుండి సిలికాను సమ్మేళనాలను శోధించి సిలికోను అనే పేరును వాడుకలోనికి తెచ్చినాడు. అయినా వాటికి గొప్ప ప్రయోజనం ఉండగలదన్న ఆశ ఆయనకు లేకపోయినది. 1937లో ఒక ఉపన్యాసంలో ఆ మాటనే చెప్పినాడు. కొద్ది సంవత్సరాలలోనే ఆ అంచనా తారుమారైనది. అమెరికాలో హైడ్, రోకో మొదలైనవారు సిలికోనులను చేసే మార్గాలు కనుగొన్నారు. 1943లో డౌ కార్నింగ్ కంపెనీ ఏర్పడినది. దాని తొలి సరుకులలో ఒకటి విమాన ఇంజనుల జ్వలన వ్యవస్థను తేమ నుండి కాపాడే ముద్ద. అనగా సిలికోను మొదటి కొలువు కూడ ఇంజను దగ్గరనే.

సిలికోను బంధకంలో వెన్నెముక సిలికాను, ఆక్సిజనుల గొలుసు. దాని ప్రక్కల కర్బన సమూహాలు వ్రేలాడుతూ ఉంటాయి. వేడి మితిమీరినప్పుడు ఈ కర్బన సమూహాలు కాలిపోతాయి. వెన్నెముక మాత్రం సిలికా వలగా మిగిలి వర్ణకాన్ని పట్టుకొని ఉంటుంది. పలుచని అల్యూమినియం రేకుల పొడి కలిపిన సిలికోను పూత 500 డిగ్రీలు దాటినా నిలుస్తుంది. మానిఫోల్డులకు వెండి రంగు, నలుపు ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. అక్కడ రంగును ఎంచేది యజమాని అభిరుచి కాదు, రసాయనశాస్త్రం.

పైరంగుతో సామ్యం సాధించే మార్గం

పై చరిత్రను బట్టి ఇంజను గదిని మూడు మండలాలుగా విభజించుకోవచ్చును.

మొదటిది చల్లని మండలం. బానెట్టు లోపలి వైపు, గది గోడలు, పట్టీలు, గాలి వడపోత డబ్బా ఇందులోనివి. వీటికి కారు పైరంగునే వేయవచ్చును. బ్యాటరీ పళ్లెం కూడ ఇందులోనిదే గాని, దానికి ఆమ్లానికి ఓర్చే పూత కావలెను. రెండవది నడిమి మండలం. వాల్వు కవరు, సిలిండరు దిమ్మె నూరు డిగ్రీలకు అటూ ఇటూ ఉంటాయి. వీటికి పైరంగు ఛాయకు తగిన ఇంజను ఎనామెలు కావలెను. మూడవది మానిఫోల్డు మండలం. ఇక్కడ సిలికోను తప్ప గత్యంతరం లేదు. పైరంగును యథాతథంగా తేవడం ఇక్కడ సాధారణంగా అసాధ్యం కనుక నలుపునో, వెండినో, ఐరన్ ఆక్సైడు ఎరుపునో ఎన్నుకొని మిగిలిన రంగులతో పొందిక కుదుర్చుకోవలెను.

బంధకం మారితే అదే వర్ణకం వేరొక ఛాయలో కనిపించవచ్చును. మెరిసే పూత రంగును నిండుగా చూపుతుంది. మెరుపు లేని పూత వెలిసినట్లు చూపుతుంది. ఎండలో సరిపోయిన రెండు రంగులు దీపం వెలుగులో సరిపోకపోవచ్చును. అందువలన ముందుగా ఒక రేకుముక్క మీద పూసి, వేడిచేసి, చల్లార్చి, పగటి వెలుగులో పైరంగు ప్రక్కన పెట్టి చూడవలెను.

నల్లరంగు వేస్తే ఇంజను త్వరగా చల్లబడుతుందని కొందరి నమ్మకం. 1804లో లెస్లీ అనే శాస్త్రజ్ఞుడు వేడినీరు నింపిన లోహపు ఘనం ముఖాలకు వేరువేరు పూతలు వేసి ఈ సంగతి పరీక్షించినాడు. మసి పూసిన ముఖం ఎక్కువ ఉష్ణాన్ని వెలువరించినది. మెరిసే లోహపు ముఖం బహు తక్కువ వెలువరించినది. కాని తెల్లకాగితం అంటించిన ముఖం దరిదాపుగా మసితో సమానంగా వెలువరించినది. కంటికి కనిపించే తెలుపు నలుపుల భేదం ఉష్ణ వికిరణంలో అంతగా లెక్కకు రాదన్నమాట. పైగా రేడియేటరు వేడిలో అధికభాగం గాలి ద్వారానే పోతుంది. అక్కడ రంగు ఛాయ కంటె పూత మందం ముఖ్యం. మందమైన పూత దుప్పటివలె వేడిని ఆపుతుంది.

పూతకు ముందు, పూతకు తరువాత

రంగు రాలిపోవడానికి సగం కారణాలు రంగు డబ్బా తెరవక ముందే ఏర్పడతాయి. నూనె జిడ్డు ఒక పొరగా ఉన్నా బంధకం లోహాన్ని చేరలేదు. కిరసనాయిలుతో కడిగితే జిడ్డు కరుగుతుంది గాని కిరసనాయిలు పొర మిగిలిపోతుంది. దానిని కూడ తుడిచివేయవలెను. కాస్టిక్ సోడా ఇనుము మీది జిడ్డును బాగా తీస్తుంది. కాని అల్యూమినియం భాగాలను ఆ నీటిలో వేస్తే లోహమే కరిగి హైడ్రోజను బుడగలు వస్తాయి. అల్యూమినియానికి దానికి తగిన మొదటి పూత వేరుగా ఉన్నది. ఆపైన ఉప్పుకాగితంతో గరుకు చేయడం, పలుచని పూతలు ఒకదాని తరువాత ఒకటి వేయడం అవసరం. సిలికోను పూత వట్టి గాలికి పూర్తిగా గట్టిపడదు. క్రమక్రమంగా వేడిచేసి సుమారు 200 డిగ్రీల వద్ద కొంతసేపు ఉంచితేనే దాని బలం దానికి వస్తుంది.

రంగు వేయరాని చోట్లు కూడ ఉన్నవి. రబ్బరు గొట్టాలు, బెల్టులు, భూమి తీగ కలిసే లోహపు తావులు, కొలతలు తీసే సెన్సారులు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు చెక్కిన తావులు కప్పిపుచ్చరాదు. విద్యుత్ కార్లలో అధిక వోల్టేజి తీగలకు నారింజరంగు ఉంటుంది. అది అలంకారం కాదు, ప్రాణాపాయ సూచన. పైరంగుతో సామ్యం కోసం దానిని మార్చడం పని చేసేవాని ప్రాణం మీదికి తెస్తుంది.

రంగు వేసేవాని ఊపిరిని గురించి కూడ చెప్పవలెను. పాత పసుపు, నారింజ రంగులలో సీసం ఉండేది; పాత పూతను పొడిగా గీకితే ఆ ధూళి ఒంటిలోనికి పోతుంది. రెండు డబ్బాలు కలిపి వేసే నేటి పూతలలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. ముక్కుకు గుడ్డ కట్టుకొంటే అవి ఆగవు. సరియైన ముసుగు, గాలి ఆడే చోటు ఉండితీరవలెను.

పాఠశాలలో చూపదగినవి

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తక్కువ ఖర్చుతో చూపవచ్చును. కొంచెం పచ్చమట్టి, కొంచెం ఎర్రమట్టి, పెన్సిలు గ్రాఫైటు పొడి వేరువేరు గరిటెలలో తామే స్వయంగా కాల్చి రంగులో మార్పు చూపవచ్చును. ఒక లక్కముక్కను వేడినీటిలో ఉంచి అది మెత్తబడడం చూపవచ్చును. ఎనామెలు పూసి బాగా ఆరిన రేకుముక్కను అదే నీటిలో ఉంచితే దాని పూత కరగదు. ఈ మూడు ప్రయోగాలతో వర్ణకమంటే ఏమిటో, బంధకమంటే ఏమిటో, వేడి వాటిని ఎట్లా వేరువేరుగా పరీక్షిస్తుందో విద్యార్థికి తేటతెల్లమౌతుంది.

ఏటికొప్పాకలో లక్కపని చేసేవాడు తన పదార్థం ఎంత వేడికి కరుగుతుందో వ్రేళ్లతో తెలిసికొన్నాడు. కొండదారిలో తిరిగే బండి ఇంజనుకు రంగు వేసేవాడు కూడ తన రంగు హద్దును తెలిసికోవలెను. అప్పుడే బానెట్టు క్రింది రంగు పైరంగుతో పాటు చిరకాలం నిలుస్తుంది.